చెప్పకూడని అంకె

మే 3

ఇవాళ్టి నుంచి నా రాత నేనే రాసుకుంటాను.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఉండనీ. బడికి పోయింది తక్కువ. పన్నెండో ఏట నాన్న వెంట కంచెల పనికి పోయాను. గుంజ పాతడం తెలుసు, తీగ బిగించడం తెలుసు. ఈ ఒటౌటౌ ఊరి చుట్టుపక్కల సగం గొర్రెలు నా కంచెల వెనకే మేస్తున్నాయి. రాత ఎప్పుడూ మా ఆవిడ నోయెలిన్ పని. క్రిస్మస్ కార్డులు తనే, కౌన్సిల్‌కి ఉత్తరాలు తనే. నా చుక్క అంకెలు కూడా తనే.

ఇక తనతో రాయించను. కారణం పక్కింట్లో ఉన్నాడు. సెల్విన్ ట్రెగెంజా.

మే 4

నిన్న కోపంతో సగంలో ఆపేశాను. ఇవాళ వాన. రాయడానికి టైముంది.

సదరన్ క్రాస్‌ని, అదే దక్షిణాన శిలువలా కనబడే చుక్కల గుంపుని, చూపించే రెండు పాయింటర్ చుక్కలున్నాయి కదా. వాటిలో క్రాస్‌కి దగ్గరగా ఉన్నదాని పక్కన ఒక పసుపు చుక్క. బైనాక్యులర్స్ పెడితేనే సరిగ్గా దొరుకుతుంది. పుస్తకాల్లో దానికి ఏదో అక్షరమూ నంబరూ ఉన్నాయి. మా ఇంట్లో పసుపుది అంటాం. మన సూర్యుణ్ణి దాని పక్కన పెడితే ఆవగింజంత కూడా ఆనడట. అలాంటివి ఆకాశం మొత్తం వెతికినా పట్టుమని పాతిక లేవట. అంత పెద్దది కుదురుగా ఉండదు. ఉబ్బుతుంది, కుంగుతుంది, ఒంటి మీది పొర విడుస్తుంది. వెలుగు మారుతుంటుంది. ఎంత మారిందో చూసి చుక్కలు చూసేవాళ్ళ సొసైటీకి చెప్పడం నా పని. ముప్పయ్యేళ్ళ పైమాటే. ఎవరూ నన్ను పెట్టలేదు, ఎవరూ తీసేయలేదు.

పని తేలిక. పసుపుదాని దగ్గర్లో రెండు నీలం చుక్కలున్నాయి. వాటి వెలుగు మారదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పసుపుది ఆ రెంటి మధ్య ఎక్కడ నిలబడిందో కంటితో తూచి అంకె చెప్పాలి. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. తలకిందుల లెక్క. నేను పెట్టింది కాదు.

నేను పెరట్లో చీకట్లో ఉంటాను. దీపం చూస్తే కన్ను చెడుతుంది. అందుకని నోయెలిన్ వంటింటి కిటికీ వేలెడు తెరుచుకుని లోపల కూర్చునేది. ఆరు నాలుగు, అంటే ఆరు పాయింటు నాలుగు, అని నేను అరిచేవాణ్ణి. ఆరు నాలుగు, అని లోపల్నుంచి వచ్చేది. తను రాసిందన్నమాట. చర్చిలో పెళ్ళినాడు అన్న మాటలు ఒకసారే అన్నాం. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నామో.

ఇక వాడు. నెల్సన్‌లో మందుల షాపు నడిపాడట. భార్య పోయింది. మొన్న వేసవిలో పక్కిల్లు కొన్నాడు. మెడకు మఫ్లర్, కాళ్ళకు తోలు బూట్లు. మా ఊళ్ళో రబ్బరు గంబూట్లు లేకుండా పెరట్లోకి పోయే మగాణ్ణి వాణ్ణే చూశాను. ట్రక్కు నిండా టెలిస్కోపు దించాడు. ఆకాశం నిండా ఇన్ని చుక్కలుండగా ఏం చూస్తావయ్యా అంటే, పసుపుది చూస్తాడట. చాలా ఏళ్ళుగా చూస్తున్నాడట.

నా చుక్కే దొరికిందా.

శుక్రవారం హాల్లో మా చుక్కలవాళ్ళ మీటింగు. చీజ్ రోల్స్ నోయెలిన్ చేసింది. వాడు మూడోది తింటూ అందరి ముందూ అడిగాడు. మేడమ్, నా చేతులు వణుకుతున్నాయి, నా అంకెలు నాకే చదవరావట్లేదు, మీరు రాసిపెడతారా అని. మా ఆయన ఏమంటాడో కనుక్కుంటాను అనాలి కదా. అలాగే, భోజనాలయ్యాక వస్తాను, అంది. నా వైపు చూడనైనా లేదు.

మే 9

మబ్బు లేదు. నేనే చూశాను, నేనే రాశాను. ఎర్ర టార్చి పళ్ళతో పట్టుకుని రాస్తుంటే చొంగ కారి కాగితం తడిసింది. ఆరు నాలుగు.

నోయెలిన్ పక్కింటి నుంచి వచ్చింది. వాడు ఎంత చెప్పాడని అడిగాను. నీకు తెలుసు కదా హెక్, అంది. కోటు తగిలించి పడుకోబోయింది.

తెలుసు. మాకదొక కట్టుబాటు. ఒకరి అంకె ఇంకొకరి చెవిన పడకూడదు. పడితే కన్ను ఇక దాన్నే చూస్తుంది. ఎంత పెద్దవాడికైనా అంతే. రాసేవాళ్ళు నోరు కట్టుకోవాలి.

ఇన్నాళ్ళూ తను కట్టుకున్న నోరు నాకోసమే అనుకున్నాను. ఇప్పుడు వాడికోసం కూడా.

మే 13

దుప్పట్లు పచ్చబడ్డాయి. దిండు గలీబులు కూడా. ఇదివరకు ఇంత అధ్వాన్నంగా ఉతికేది కాదు. అదే అన్నాను. తెల్లగానే ఉన్నాయి హెక్ అంది. పక్కింటివాడి చొక్కాలు కూడా నువ్వే ఉతుకుతున్నావా, సబ్బంతా అక్కడే అయిపోతోందా అన్నాను.

బంగాళాదుంప ఒకటి నా వైపు వచ్చింది. తగల్లేదు. తనకు గురి లేదు.

మే 20

ఫ్రూట్ కేకు చేసింది. సగం మాకు, సగం డబ్బాలో పక్కింటికి. డబ్బా తిరిగి రాలేదు.

వాడి పెరట్లోంచి తన నవ్వు వినబడింది. చుక్కలు చూస్తూ నవ్వడానికేముంది? నేను ఇన్నేళ్ళు చూశాను. ఒక్కసారీ నవ్వు రాలేదు.

మే 21

డబ్బా రాలేదు.

మే 25

పొద్దున కంచె దగ్గర నిలబడి పిలిచాడు. మక్‌ఫీ గారూ, ఈ కంచె కాస్త నా వైపు వాలింది, గమనించారా అని. ఎంత మర్యాద. ఆ కంచె వేసింది నేను. తాడు పట్టకుండా, ఉత్త కంటితో. ఈ జిల్లాలో నా కంచెలు చూసి రోడ్డు వేయొచ్చు అనేవాళ్ళు. వాలింది నీ ఇల్లేమో చూసుకో అన్నాను.

నవ్వాడు. నవ్వేవాళ్ళతో గొడవ పెట్టుకోవడం కష్టం. తర్వాత గొంతు తగ్గించి, ఈమధ్య పసుపుది మీకు ఎలా, అని మొదలెట్టాడు. బట్టలారేస్తున్న నోయెలిన్ అక్కణ్ణుంచే అరిచింది. సెల్విన్! నోరు! అని.

బడిపిల్లాడిలా మూశాడు.

నాకు రెండు సంగతులు తెలిశాయి. పసుపుది వాడికి నాకు కనబడ్డట్టు కనబడట్లేదు. రెండోది, తను వాణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. మీద అరుస్తోంది కూడా. నా మీద తప్ప నోయెలిన్ ఎవరి మీదా అరవదు.

జూన్ 2

చేశాను. రాస్తున్నాను.

భోజనమయ్యాక తను కోటేసుకుని వెళ్ళింది. నేను గంబూట్లు విప్పి మేజోళ్ళతో కంచె దాకా నడిచాను. జూన్ అంటే మాకు నడి చలికాలం, గడ్డి మీద మంచు. కాళ్ళు కొయ్యబారాయి. వాడు దగ్గాడు. టెలిస్కోపు కిర్రుమంది. తర్వాత చెప్పాడు.

ఆరు ఎనిమిది.

ఆరు ఎనిమిది, అంది నోయెలిన్.

అంకె కాదు నన్ను కోసింది. ఆ తిరిగి చెప్పడం. అదే గొంతు. నాకు ఎలా చెప్పేదో అలాగే. ఒక్క వీసం తేడా లేదు. అది నాదనుకున్నాను.

జూన్ 3

ఆకాశం కడిగినట్టుంది. బైనాక్యులర్స్ పెట్టాను. పసుపుది ఆరు ఎనిమిది.

కాదు. నిన్నటిదాకా ఆరు నాలుగు. కళ్ళు మూసి మళ్ళీ చూశాను. ఆరు నాలుగు. మళ్ళీ చూశాను. ఆరు ఎనిమిది. వాడు దగ్గినట్టు కూడా అనిపించింది.

మొదట నా చుక్క తీసుకున్నాడు. తర్వాత నా కిటికీలో మనిషిని. ఇప్పుడు నా కంట్లో కూర్చున్నాడు.

జూన్ 4

మబ్బు.

జూన్ 5

మబ్బు.

జూన్ 6

మబ్బు.

జూన్ 7

మబ్బా, అంది నోయెలిన్. తలుపు తెరిచి నిలబడింది. క్రాస్ నెత్తిమీద మెరుస్తోంది. పాలపుంత కంచెలమీద ఒలికిపోతున్నట్టుంది. మబ్బు నీ మొహం మీద ఉంది హెక్, అంది.

నేను తలుపు మూయబోయాను.

అతని అంకె విన్నావు కదూ, అంది.

విన్నాను అన్నాను.

బూట్లు విప్పే బల్ల మీద కూర్చుండిపోయింది. నేను ఇల్లు తగలబెట్టినా అంత బాధపడేది కాదేమో. అయితే ఇక చూడకు, అంది. ఆ అంకె మర్చిపోయేదాకా కన్ను పెట్టకు. మన చుక్కలవాళ్ళు అందరూ చేసేదదే. మర్చిపోవడం నా చేతుల్లో ఉందా అన్నాను. వినడం నీ చేతుల్లోనే ఉందిగా అంది.

అప్పుడు అడిగేశాను. వాడికెందుకు రాస్తున్నావు?

చేతులు వణుకుతున్నాయి కాబట్టి.

అంతేనా?

అతను అడిగాడు హెక్. నువ్వెప్పుడూ అడగలేదు. అరిచావు.

జూన్ 8

అరవకపోతే కిటికీ లోపలికి ఎలా వినబడుతుంది?

జూన్ 11

నాకు కావాల్సింది ఒకటే. తను మళ్ళీ మా కిటికీలో కూర్చోవాలి. అంకె చెబితే తిరిగి చెప్పాలి. ఇంకేం అక్కర్లేదు. ఇది తనతో అనడం నా వల్ల కాదు. ఇక్కడ రాశాను, అంతే.

జూన్ 14

కంచెకి తాడు పట్టి చూశాను. వాలింది. వాడి వైపే.

మూల గుంజ అడుగున పుచ్చింది. కన్ను కాదు, గుంజ.

జూన్ 16

కొత్త గుంజ పాతుతున్నాను. సెల్విన్ వచ్చాడు. పట్టుకోనా అన్నాడు. ఆ చేతులతోనా అన్నాను. గుంజ బరువుంటే చేతులు వణకవండీ, పెన్ను పడితేనే వణుకుతాయి అన్నాడు. పట్టుకున్నాడు. నిజమే, కదల్లేదు. తోలు బూట్లు బురదలో దిగబడ్డాయి. కొంచెం సంతోషమేసింది.

నేను అడగలేదు. వాడే మొదలెట్టాడు. నెల్సన్‌లో కళ్ళ ఆపరేషన్ చేయించుకున్నాడట, రెండు కళ్ళకీ శుక్లాలు. లోపలి పాత అద్దం తీసి కొత్తది పెట్టారట. ఇంటికొచ్చి హాలు గోడ చూస్తే నీలం. అన్నేళ్ళూ ఆకుపచ్చ అనుకున్నాడు. ఆ రంగు ఎంచింది వాళ్ళావిడ, పేరు మెర్ల్. భలే ఆకుపచ్చ పెట్టావే అని ఎన్నిసార్లన్నాడో. ఆవిడ ఒక్కసారీ నీలం అని దిద్దలేదట. ఆపరేషన్ నాటికి ఆవిడ లేదు.

గుంజ చుట్టూ మట్టి కూరుతున్నాను. వింటున్నట్టు కనబడనివ్వలేదు.

ఇంకోటి కూడా అన్నాడు. కళ్ళు బాగయ్యాక చూస్తే నీలం చుక్కలన్నీ మీదికి దూకినట్టు ఉన్నాయండీ అని. పాత కన్ను టీ నీళ్ళలోంచి చూసినట్టు చూపిస్తుంది, నీలాన్ని మింగేస్తుంది. పసుపుని ఏం చేయదు.

సరే, గుంజ వదిలేయ్, ఇక నిలబడుతుంది అన్నాను.

అదే రోజు, సాయంత్రం

మంచం మీద దుప్పటి చూశాను. పసుపు. కిటికీ దగ్గరకు తెచ్చి చూశాను. పసుపే.

నోయెలిన్ స్వీడ్ దుంప చెక్కు తీస్తోంది. ఈ దుప్పటి ఏం రంగు అన్నాను. తెలుపు, అంది, తలెత్తకుండా. నా చొక్కా? తెలుపు. ఎప్పట్నుంచి తెలుసు నీకు? రెండు చలికాలాలైంది, అంది. మొదట చొక్కా గురించి తిట్టావు. తర్వాత పాలు విరిగాయన్నావు. విరగలేదు.

మరెందుకు చెప్పలేదు?

కత్తి పక్కన పెట్టింది. ఏం చెప్పను హెక్, అంది. నీ కన్ను పచ్చబడింది అంటే ఏం చేస్తావు? డాక్టర్ దగ్గరకు పోవు. రోజూ కాస్త కలిపి, కాస్త తీసేసి చెబుతావు. అప్పుడు నువ్వు చూసే పని ఉండదు, సర్దే పనే. నువ్వు చూసింది చెప్పావు, చెప్పింది రాశాను. సొసైటీవాళ్ళు ఒకసారి ఫోన్ చేశారు. మీ ఆయన అంకెలు మిగతావాళ్ళకు దూరంగా పోతున్నాయి, పొరపాటు రాశారా అని. ఆయన చెప్పిందదే, నేను రాసిందదే అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ ఫోన్ సంగతి నాకు తెలియదు.

గుంజ పట్టుకోమని వాణ్ణి పంపింది నువ్వేనా అన్నాను.

మళ్ళీ చెక్కు తీయడం మొదలెట్టింది.

అంటే ఇద్దరూ నా గురించి మాట్లాడుకున్నారు. ఆ నవ్వులు దేనికో మాత్రం ఇంకా తెలియదు.

జూన్ 17

కూడుకుని చూశాను. రెండేళ్ళుగా పసుపుది తగ్గుతూ వచ్చింది. రెండేళ్ళుగా నా కన్ను పచ్చబడుతూ వచ్చింది. నీలం చుక్కలు కూడా నాకు మసకబారాయి కాబట్టి పసుపుది వాటి మధ్య అక్కడే నిలబడ్డట్టు కనబడింది. కదల్లేదు, కదల్లేదు అని నేను అరిచాను. అది కదులుతూనే ఉంది.

నా చుక్క దిగిపోతుంటే పక్కింటివాడు చూశాడు. నేను చూడలేదు.

దీనికన్నా దుప్పట్లు పచ్చబడి ఉన్నా నయమే.

జూన్ 30

ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. కుడి కన్ను మాత్రమే. ఎడమదాని జోలికి రావద్దన్నాను. రెండూ చేస్తే మంచిది కదా అంది నోయెలిన్. ఒకటి నాది ఉండనీ అన్నాను.

జూలై 9

ఎవరో రాలేదట, ఖాళీ ఉంది రమ్మని ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేశారు. ఇన్వర్‌కార్గిల్ దాకా ఎవరు తీసుకుపోతారు? నాకు కంటికి పట్టీ కడతారు. నోయెలిన్ బండి నడపదు. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు సెల్విన్ కారు తెచ్చాడు.

ముందు సీట్లో తను. వెనక సీట్లో నేను, గొర్రెపిల్లలా. ఇద్దరూ దారిపొడుగునా మెర్ల్ గులాబీల గురించి మాట్లాడుకున్నారు. చేతులు వణుకుతున్నాయేమో అని వాడి స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చున్నాను. వణకలేదు. అది కూడా కోపమే తెప్పించింది.

తిరిగొచ్చేటప్పుడు నన్ను ముందు కూర్చోమన్నాడు. ఒంటికంటితో ముందు సీట్లో దర్జాగా వచ్చాను. నోయెలిన్ వెనక నిద్రపోయింది. మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. అదొక్కటే ఆ రోజుకి బాగున్న సంగతి.

జూలై 10

పట్టీ తీశారు.

దుప్పటి తెలుపు. మంచులా ఉంది. ఎడమ కన్నుతో చూస్తే పచ్చగా, కుడి కన్నుతో తెల్లగా. చాలాసేపు కన్ను మార్చి కన్ను కొట్టుకుంటూ కూర్చున్నాను. నోయెలిన్ చూసి, ఎవరికి కన్ను కొడుతున్నావు అంది.

తన స్వెటర్ నీలం. బూడిద రంగనుకున్నాను. ఎప్పుడు కొన్నావు అన్నాను. నువ్వే తెచ్చావు, పోయిన పుట్టినరోజుకి, అంది. కొట్లో అమ్మాయి నీలం బాగుంటుందంటే, నీలమేంటి బూడిదైతే అని దెబ్బలాడావట, ఆ అమ్మాయి ఇప్పటికీ చెప్పుకుంటోంది, అంది.

జూలై 19

చూడొద్దంది. చూశాను.

ఎడమ కన్ను: ఆరు నాలుగు. కుడి కన్ను: ఆరు ఎనిమిది.

నీలం చుక్కలు నిజంగానే దూకాయి. వాడు చెప్పినట్టే. నా కుడి కన్ను సెల్విన్ పక్షం చేరింది. కొత్త కన్ను కదా, కొత్తవాడి వైపు పోయింది.

లేదా అది కంచె పక్కన విన్న అంకేనేమో. చూసిందో విన్నదో తేల్చుకోలేకపోతున్నాను. దొంగ చెవి చేసిన పనికి కన్ను ఉరి తీయించుకుంటోంది.

జూలై 20

అడిగాను. అరవలేదు. వంటింట్లోకి పోయి, టోపీ తీసి, నోయెలిన్ నాకు రాస్తావా అని అడిగాను.

ఏ కంటివి, అంది.

రెండు కళ్ళవీ.

రాయను, అంది. నీకూ రాయను, సెల్విన్‌కీ రాయను. నిన్ననే అతనితో చెప్పాను. మీ ఇద్దరి అంకెలతో నా తల నిండిపోయింది. ఒక నెల ఎవరూ చూడకండి. అందరం మర్చిపోదాం. తర్వాత చూద్దాం.

వాడికీ లేదు. ప్రాణం లేచొచ్చింది. టీ అయ్యేలోపు మళ్ళీ పడిపోయింది. నాకూ లేదు కదా.

మర్చిపోయాక ఎవరికి రాస్తావు అన్నాను. ఎవరికీ కాదు, అంది. ఇన్నేళ్ళూ కిటికీలోంచి నీ వీపు చూశాను హెక్. చుక్కని చూడలేదు. ఈసారి నేను చూస్తాను.

నాకు ఒక్కటే మెదిలింది. వాడు చూపించలేదా నీకు? అంత పెద్ద టెలిస్కోపు ఉందిగా.

మొదటి రోజే చూడమన్నాడు. వద్దన్నాను.

ఎందుకు?

చూసేదేదో మా పెరట్లోంచే చూస్తానని చెప్పాను.

నిజమేనా అన్నాను. నిజమే అంది. నిజంగానేనా అన్నాను. ఈసారి తిట్టింది. ఆ తిట్టు ఇక్కడ రాయడానికి అక్షరాలు రావు, వచ్చినా రాయను.

ఆగస్టు 2

మర్చిపోయావా అని అడిగింది. ఏది అన్నాను. బాగుంది, అంది. కాసేపాగి, ఆరు ఎనిమిదేగా అన్నాను.

ఆగస్టు 6

ఇంకా మర్చిపోలేదు.

ఆగస్టు 11

దక్షిణాన ఆకాశం ఎర్రగా, ఆకుపచ్చగా ఊగింది. అరోరా, ధ్రువాల దగ్గరి వెలుగు. ఊరంతా ఫోన్లు పట్టుకుని రోడ్డు మీదే. నేనూ నోయెలిన్ కంచెకి ఇవతల, సెల్విన్ అవతల. ముగ్గురం చూశాం. ఎవరూ పాయింటర్ల వైపు తలెత్తలేదు. తలలు అటు పోకుండా పట్టుకోవడం చూసేవాళ్ళకు నవ్వొచ్చి ఉంటుంది.

సెల్విన్ కంచె మీదుగా కేకు డబ్బా అందించాడు. కడిగి ఇచ్చాడు. డబ్బా అడుగున గులాబీ అంటు ఒకటి, తడి గుడ్డలో చుట్టి. మెర్ల్ తోటదట. నోయెలిన్‌కి కాదు, మీకు, అన్నాడు. కొత్త గుంజ పక్కన పెట్టుకోండి.

పువ్వు ఏ రంగు అని అడిగాను. మీరే చూసి చెప్పాలి అన్నాడు.

పాతాను. నా వైపు.

ఆగస్టు 18

వాన. మర్చిపోయాననుకుంటున్నాను. రాసి చూసుకుంటే గుర్తొస్తుందేమోనని రాయట్లేదు.

ఆగస్టు 25

మబ్బు లేదు. నిజంగా లేదు.

పెరట్లో బైనాక్యులర్స్ స్టాండు పెట్టాను. తన ఎత్తుకి దించాను. గంబూట్లు నావే తొడుక్కుంది. క్రాస్ చూపించాను, పాయింటర్లు చూపించాను. ఎటు పోవాలో నాకు తెలుసు, ఎన్నిసార్లు విన్నాననుకున్నావు, లోపలికి పో అంది.

లోపలికి పోయాను. దీపం ఆర్పి ఎర్ర టార్చి పెట్టుకున్నాను. కిటికీ వేలెడు తెరిచి తన కుర్చీలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి వీపు మాత్రమే కనబడుతుంది. ఇంత చలి వస్తుందని తెలియదు.

చాలాసేపు పట్టింది. తొందరపెట్టబోయి నాలుక కరుచుకున్నాను. తర్వాత చెప్పింది. అరవలేదు.

తిరిగి చెప్పాను. రాశాను.

ఇక ఈ రాత్రి నేను చూడకూడదు. చెవిన పడింది కదా. బైనాక్యులర్స్ తనే సర్ది పెట్టింది.

సెల్విన్ కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంత చెప్పారు ఆవిడ, అన్నాడు.

నీ కన్నుని అడుగు అన్నాను.

తను చెప్పింది ఆరు నాలుగు కాదు, ఆరు ఎనిమిదీ కాదు. ఇక్కడ కూడా రాయను.